సారు ముందుగా చెరిపేసే ఫైలు

మా సారు పోయారని వాట్సాప్ గ్రూపులో చదివాను. కడపలో మాకు కంప్యూటర్ పాఠాలు చెప్పిన సారు. ఆ వార్త పెట్టిన మా సీనియరే దాని కిందే ఇంకో ముక్క తగిలించాడు: "సారు ప్యాకేజీ కొత్త మిషన్ల మీద ఆగిపోతాంటే నేనే సరిచేసినా." పైన నమస్కారాలు, కింద సొంత డబ్బా. ఛీ అనిపించింది.

సారు తయారుచేసిన ఆ ప్యాకేజీ చూపులేనివాళ్లకు తెలుగు చదివి వినిపించే ప్రోగ్రాం. అందులో వినిపించే గొంతు సారుదే. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేముందు స్క్రిప్టు అనే ఒక చిన్న ప్రోగ్రాం నడుస్తుంది. ఇది ఏ రకం మిషను, ఇందులో ఏమేమి ఉన్నాయి అని చూసుకుంటుంది. ఆ స్క్రిప్టును మనిషి రాయడు, చిన్న మూలం ఫైలు నుంచి కంప్యూటర్ చేతే పుట్టిస్తారు. ఎప్పుడో పుట్టించినదానికి ఇప్పటి మిషన్లు తెలియవు. అందుకే కొత్త విడుదల అనగానే సారు పాతదాన్ని చెరిపేసి మళ్లీ పుట్టించేవారు.

"బాగానే ఉండాది కదా సార్" అని నేనంటే ముక్కు చిట్లించేవారు. "పాసిపోయిన కూర వాసన నీకు రాలేదామ్మా?"

వేంపల్లెలో వాళ్లింట్లోనూ అంతే. బిందె నీళ్లకు కొట్లాడుకునే ఎండాకాలంలో కూడా నిన్నటి కుండ నీళ్లు తాగేవారు కాదు. వృథా చేసేవారూ కాదు. గోరింటాకు చెట్టుకు పోసి, కుండ కడిగి నింపేవారు. "ఈయన చాదస్తంతో చస్తాండా" అని ఆయన భార్య, మా మేడమ్, విసుక్కునేది.

సారు పోయినాక ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూడికకు వేంపల్లె చర్చికి పోయాను. సీనియర్ మైకు పట్టుకుని, సారు బాటలోనే నడుస్తానని గొంతు బొంగురు చేసుకున్నాడు. బయటికొచ్చేసరికి కర్నూలు నుంచి ఫోను. చూపులేని పిల్లల బడి టీచరమ్మ.

"ప్రోగ్రాం ఎక్కింది గానీ నోరు తెరవడంల్యా. పరీక్షలు దగ్గరికొచ్చినాయి, పిల్లోళ్లు ఊరికే కూర్చోనుండారు."

సీనియర్ భోజనాల దగ్గర దొరికాడు. ప్యాకేజీని ఏం చేశాడో అడిగాను.

"స్క్రిప్టు యాడాడ ఆగుతాందో ఆ లైన్లన్నీ చేత్తో పీకేసినా. ఎక్కింది కదా పాపా, ఇంకేం?"

"శబ్దం ఉందో లేదో చూసే లైన్లు కూడా పీకేసినావన్నా, అందుకే అది నోరు తెరవడంల్యా. సారు గొంతు నొక్కేసినావు!"

"అబ్బా, లోపల ఎవరు చూస్తాండారులే" అంటూ వేళ్లు నాక్కున్నాడు. వాడి ముందు నిలబడటానికే రోత పుట్టింది. ఇప్పటికీ ఆ రోత పోలేదు.

సారు ఇంటికి పోయి ఆయన కుర్చీలోనే కూర్చున్నాను. ఆ పాడు స్క్రిప్టును చెరిపేసి, మూలం నుంచి కొత్తది పుట్టించి కర్నూలుకు పంపాను. టీచరమ్మ మళ్లీ ఫోను చేసింది. ఫోనును బడి కంప్యూటర్ పక్కన పెట్టింది. నా ఫోను స్పీకర్లో సారు గొంతు సోషల్ పాఠం చదువుతోంది, ఏ తొందరా లేకుండా.

మేడమ్ ఆ గొంతు విని వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. పాఠం ఇంకా నడుస్తుండగానే వెనక్కి తిరిగి, నిన్నటి నీళ్ల కుండ ఎత్తుకుని గోరింటాకు చెట్టు దగ్గరికి పోయింది.