కొమురయ్య చెప్పే అర్థాలు

“కంపెనోళ్లు మంచిగ చేయి కలిపి పంపుతమంటుంటే నీకేం నొప్పి కొమురయ్యా?” అని యూనియన్ నాయకుడు గొంతు పెంచాడు. “కలిపినంక ఆ చేతికి పనుంటదా, గది చెప్పు ముందుగాల,” అన్నాడు కొమురయ్య. తొంభై రెండులో, మరాఠీ గడ్డ మీది లాల్‌పేట్ బొగ్గుగని గేటు పక్క చాయ్ హోటల్లో, ఆ రోజు తగువు గోల్డెన్ హ్యాండ్‌షేక్ గురించి. రోజూ మొదటి షిఫ్టు అయ్యాక కొమురయ్య మరాఠీ పేపరు మోకాళ్ల మీద పరచుకుని, చదువురాని తోటి లోడర్లకు తెలుగులో చెప్పేవాడు. దారం చుట్టిన కళ్లద్దాలు, ఎంత తోమినా గోళ్ల సందుల్లోంచి పోని నలుపు, రెండు వాక్యాలకోసారి దగ్గు. ఏ దేశపు మాటనైనా తొక్క ఒలిచి చేతిలో పెట్టేవాడు. రష్యావాళ్ల పెరిస్త్రోయికా అంటే “ఇల్లు సదురుతమని గోడ కూలగొట్టుడు.” ఎగ్జిట్ పాలసీ అంటే “దర్వాజ చూపెట్టుడు.” గోల్డెన్ హ్యాండ్‌షేక్ అంటే “పైసలిచ్చి పని గుంజుకునుడు.” ఆ మాట విన్నాక పదకొండుమంది తాము నింపిన రాజీనామా ఫారాలు చింపేశారు.

వారం తిరక్కుండానే ఆఫీసు గోడ మీద, గోల్డెన్ హ్యాండ్‌షేక్ కింద పని వదులుకుంటామని సంతకం పెట్టినవాళ్ల జాబితా అంటించారు. పక్క క్వార్టరు దత్తు అందులో కొమురయ్య పేరు చూసి అతన్ని పక్కకు పిలిచాడు. “ఏందే కాకా ఇది? మమ్మల్నందర్ని వద్దంటివి గదా.” “మీకు దమ్ముంది, ఆపిన. నేను తట్ట ఎత్తితే ఊపిరాడుతలేదు,” అన్నాడు కొమురయ్య, అద్దాలు తుడుచుకుంటూ. పని పోయిందనీ, క్వార్టరు ఖాళీ చేయాలనీ అతని భార్య వెంకటమ్మకు ఇంకా తెలియదు. “మీ చిన్నమ్మ ఏమైందని నిన్నే అడుగుతది బిడ్డా. ఆ ఇంగ్లీషు పేరే చెప్పు. తెలుగుల చెప్పకు.”