ప్రతినాయిక పక్కన కుర్చీ

బారిడీహ్‌లో ఉండే జయమణి టీచరు బడి నుంచి రాగానే జపాను మాంగా పద్ధతిలో వంటపోటీల బొమ్మలకథ గీస్తూ కూర్చుంటుంది. గీసేటప్పుడు ఆమె పెదవులు కూడా ఆ కథలోని ఆడ విలన్ పెదవుల్లాగే వంకర తిరుగుతాయి. చర్చి వంటపోటీలో తనను ఓడించిన తోడికోడలు జెన్సీయే ఆ విలన్ అని ఎవరికీ చెప్పలేదు.

జెన్సీ భర్త కాంట్రాక్టు పనికని ఒడిశా వెళ్ళి చాలా కాలమైంది. నిన్న ఆమె చేపల పులుసు తెచ్చి, ఆ బొమ్మలు శ్రద్ధగా చూసి, విలన్‌ని చూపిస్తూ అడిగింది.

“ఈవిడ ఇంత బాగా వండుతాది కదక్కా. ఇంట్లో తినీవోలు ఎవులూ లేరేటి?”

ఆ విలన్ తానేనని గుర్తుపట్టి అడిగిందో, ఊరికే అడిగిందో జయమణికి అర్థం కాలేదు. జెన్సీ వెళ్ళాక విలన్ పక్కన కుర్చీ గీసింది. అందులో ఎవరిని కూర్చోబెట్టాలో మాత్రం తోచలేదు.