గొడ్రాలు అన్న మాట

నిన్న వానకు తడిసిన గొంగడి వాసనతో మా చిన్నమ్మ గుర్తొచ్చింది.

కట్టంగూరులో నాకు ఏడేళ్లప్పుడు, మా తమ్ముణ్ణి తొట్టెలలో వేసిన రోజున, ఆమె ఊపడానికి తాడు పట్టుకుంది.

"గొడ్రాలివి, ముట్టకు," అంది మా అవ్వ, ఆమె అత్త.

చిన్నమ్మ తాడు వదల్లేదు. "అది ఈనని గొడ్లకు పుట్టిన మాట, అత్తా. పసుల మాట నాకు పెడితే, పసుల లెక్కనే చూడు. గొర్ల మంద ఈనకుంటే మామ ముందుగాల పొట్టేలునే మార్చెటోడు గద!"

అరుగు మీద చిన్నాయన తల వంచుకున్నాడు. కొత్త పొట్టేలు వస్తుందని నేను సాయంత్రం దాకా దొడ్డి దగ్గర ఎదురుచూశాను.

గొడ్రాలు అన్న మాటకు నిఘంటువులో పిల్లలు లేని స్త్రీ అని ఉంది. పురుషుడి ఊసు లేదు.

చిన్నమ్మ తొట్టెల ఊపింది. పోయిన నెల ఆమెకు తలకొరివి పెట్టింది ఆ తమ్ముడే.