కొండూరు గుట్ట మీద లేనిది

ఒక అబద్ధం ఇన్నేళ్లుగా నా లోపల కూర్చుని ఉంది. చిన్నదే. దాన్ని నమ్మిన మనిషి ముఖం గుర్తొచ్చినప్పుడల్లా తింటున్న ముద్ద కంచంలోనే వదిలేస్తాను. పాస్టరు గారితో చెప్పలేదు. కట్టుకున్నాయనతో ఆయన పోయేదాకా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల మొదట్లో తిరువూరులో సైన్సు టీచర్ని నేను. ఒక వానాకాలం విశాఖ వైపు నుంచి ఒకాయన వచ్చారు. లైకెన్ల మీద పరిశోధన. మసాలాలో వేసుకునే రాతిపువ్వు ఆ జాతిదే. బూజూ పాచీ కలిసి, ఒకదాన్నొకటి వదలకుండా, బండ మీద ఒకే ప్రాణిలా బతుకుతాయి. వాటిలో ఏవి బాగున్నాయి, ఏవి తగ్గిపోతున్నాయి, ఏవి ఇక కనపడకుండా పోయేలా ఉన్నాయి అని చూసి చెప్పడం ఆయన పని. గుట్టలు తెలిసినవాళ్లు కావాలన్నారు. హెడ్మాస్టరు నా పేరు చెప్పారు.

నాన్న లేకుండా నేను వెళ్లే కాలం కాదది. నాన్న గుట్ట కింద గొడుగు వేసుకుని కూర్చునేవాడు. "ఏంటమ్మా, ఇంకా అవ్వలేదా?" అని మధ్యమధ్య కేకేసేవాడు. అవ్వకూడదని నాకుండేది.

ఆయన బండ ముందు మోకాళ్ల మీద కూర్చుని, భూతద్దం కంటికి ఆనించి, ఊపిరి కూడా మెల్లగా వదిలేవారు. తర్వాత భూతద్దం నాకిచ్చేవారు. దాని పిడి ఇంకా ఆయన చేతి వేడితో ఉండేది. నవ్వకండి. నా వయసప్పుడు ఇరవై నాలుగు.

ఊరి బయట గుట్ట మీద, ఉత్తరం వైపు బండకి, నారింజ రంగులో అరచేయంత లైకెన్ కనిపించింది. ముందు చూసింది నేనే. ఆయన దాని అంచుల వెంట, తాకకుండా, గాల్లోనే వేలు తిప్పారు.

"ఇది మనందరికంటే పెద్దదండి టీచర్ గారూ. మీ తాతగారి తాతగారు పుట్టేనాటికే ఇక్కడుండుంటుంది," అన్నారు చివరికి.

ఆ గుట్టని కంకర కొట్టుకోవడానికి ఇమ్మని కాంట్రాక్టర్లు అడుగుతున్నారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలియదని ఇప్పుడు కూడా చెప్పుకోలేను. అపురూపమైనదేదైనా ఉంటే చెప్పమని, లేకపోతే రాయి కొట్టుకోనిస్తామని ఆయన్ని పైవాళ్లు అడిగారు.

వెళ్లిపోయే ముందురోజు సాయంత్రం ఆ బండ దగ్గరే నన్నడిగారు.

"ఇది ఈ ఒక్క చోటే ఉందంటే నేను గట్టిగా పట్టుబట్టాలండి. మళ్లీ మళ్లీ రాయాలి, తిరగాలి. మీరు ఈ చుట్టుపక్కలంతా చూసినవారు. ఇంకెక్కడైనా ఉందా?"

లేదు అంటే ఆయన పట్టుబట్టేవారు. కానీ ఆ పనంతా ఆఫీసుల్లో జరిగేది. మళ్లీ ఈ గుట్టలెక్కే అవసరం ఆయనకి ఉండేది కాదు. అప్పుడు అంతా ఇంత వివరంగా ఆలోచించానా? లేదనుకుంటాను. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఉందండి. కొండూరు గుట్ట మీద చూశాను. ఇంతకన్నా పెద్దది."

"నిజంగానా! పొద్దున్నే వెళ్దామా అయితే?"

"వాగు పొంగింది కదండీ. వానలు తగ్గాక రండి. నేనే చూపిస్తాను."

ఆయన ముఖం వెలిగిపోయింది. "తప్పకుండా వస్తాను. అప్పటిదాకా ఈ జాతికి ముప్పు లేదనే పైవాళ్లకి చెప్తాను. మీరు చూశారంటే నేను చూసినట్టే."

ఆ వానాకాలమంతా ఆ మాట తలుచుకుని ఎంత మురిసిపోయానో, ఇప్పుడు అదే మాట నన్ను అంత పొడుస్తుంది.

అబద్ధాన్ని నిజం చేద్దామని ఆదివారాలు ఆరాధన అయ్యాక కొండూరు గుట్టలన్నీ ఎక్కాను. విస్సన్నపేట దారిలో బండలన్నీ వెతికాను. బూడిద రంగువి, పచ్చవి, నల్లవి. నారింజది ఎక్కడా లేదు. ఒకరోజు ఎనిమిదో తరగతికి పాఠం చెప్తుంటే కిటికీలు అదిరాయి. పిల్లలు సరదాగా అరిచారు. ఊరి బయట ఆ గుట్టకి మందు పెట్టి పేల్చారు. సుద్దముక్క చేతిలో పట్టుకుని ఆ పాఠం ఎలా పూర్తి చేశానో నాకు గుర్తులేదు. ఆపమని అంతకుముందే ఎవరికైనా ఒక్క ఉత్తరం ముక్క రాసి ఉండొచ్చు కదా? రాస్తే అబద్ధం బయటపడుతుంది. ఆయన రారు.

వచ్చారు. వానలు వెనకపట్టాక, అన్నట్టే. ముందు పాత గుట్ట దగ్గరికి వెళ్లి, ముక్కలైన రాళ్ల మధ్య కాసేపు నిలబడ్డారు. "ఫర్వాలేదండి, రెండోది ఉంది కదా," అన్నారు. నాన్నకి జ్వరమని పక్కింటి పెద్దమ్మని తోడు తీసుకుని ముగ్గురం కొండూరు బస్సెక్కాం. పెద్దమ్మ కిందే ఆగిపోయింది. నేను ఆయన్ని ఒక బండ నుంచి ఇంకో బండకి తిప్పాను. ఎండ ఎక్కింది. పులిహోర పొట్లం విప్పి, ఒకే ఆకులో ఇద్దరం తిన్నాం. గాలి కూడా మా ఇద్దరి కోసమే వీస్తోందని ఏవో పిచ్చి ఊహలు. జీవితంలో అంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడూ లేను. అసలు ఒప్పుకోవాల్సింది ఇదేనేమో. అబద్ధం కాదు, ఆ సంతోషం.

చివరికి ఒక ఉత్త బండ చూపించి, "ఇక్కడే ఉండేదండి," అన్నాను. ఏడ్చాను. భయంతో ఏడ్చాను. ఆయన బాధ అనుకున్నారు.

"మీ తప్పేముందండీ? ఇవి ఇలాగే చెప్పకుండా పోతుంటాయి," అని నన్నే ఓదార్చారు. ఆ రెండో చోటు నుంచి కూడా పోయిందని రాసుకున్నారు. ఎన్నడూ లేనిదాన్ని పోయిందని రాసుకున్నారు.

ఆ తర్వాత ఆయన రాలేదు. పెళ్లయిందని, ఉత్తరాదికి వెళ్లారని విన్నాను. ఇప్పుడు ఉన్నారో లేదో తెలియదు. ఆయన కోసం ఇంకా ఎదురుచూస్తానా? ఏ బస్సు ఆగినా దిగేవాళ్ల వైపు చూస్తాను. అంతే.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సిన వాళ్లలో ఒకరు మనిషి, ఎక్కడున్నారో తెలియదు. ఇంకొకటి కంకరై ఏ రోడ్డు కిందో ఉంది.

ఆ కొండూరు గుట్ట మీద నేనేమీ చూడలేదండి. అక్కడ ఏమీ లేదు. ఈ మాట పైకి అనడం ఇదే మొదలు.