పెన్సిల్‌తో పెట్టిన టిక్కు

దర్జీ అక్కకు ఏదైనా ముందు పెన్సిల్‌తో రాయడం అలవాటు. బట్ట మీద సుద్దతో గీసి, ఒంటికి పెట్టి చూసి, అప్పుడుగానీ కత్తెర వేయని మనిషి కాగితం దగ్గర మాత్రం తొందరపడుతుందా? వీధిలో చదువు రానివాళ్ల దరఖాస్తులన్నీ ఆమే రాసిపెట్టేది. పెన్సిల్‌తో రాసి, చదివి వినిపించి, వాళ్లు సరేనన్నాక పెన్నుతో దిద్దేది. "అక్క రాసిందంటే ఇక చూసుకోనక్కర్లేదు" అనేవారు జనం. ఆ మాటంటే ఆమెకు మహా గర్వం. ఉండదూ మరి, ముప్పై ఏళ్లు కష్టపడి సంపాదించుకున్న మాట!

ఆ మాట విని, ప్రణాళికా ఆఫీసు అమ్మాయి ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. ఎండతోనూ గాలితోనూ కరెంటు తీయడానికి ఆ ప్రాంతమంతటికీ ప్రణాళిక వేస్తున్నారట. వీళ్ల ఊరి వంతుకు సోలార్ పలకలు వచ్చాయి. ఎక్కడ పెట్టాలో జనాన్నే అడుగుతారట. పాడుబడిన రాళ్ల క్వారీలోనా, మేత బీడులోనా? ఫారంలో రెండు గళ్లు, ఒకదాంట్లో టిక్కు, కింద సంతకం.

"మేం వెళ్తే తలుపు కూడా తీయరక్కా. మీరు తిరిగితే చాలు" అంది ఆ అమ్మాయి. మిషను పక్కన స్టూలు మీద కూర్చుని టీ తాగింది. చెయ్యి చిరిగిన కోటు ఒకటి బాగుచేయమని ఇచ్చింది. పోయేలోపు పదిసార్లు నోరారా అక్కా అంది. అక్క కరిగిపోయింది.

అదీగాక, ఆమె సొంత అన్న బతుకంతా ఆ బీడులోనే ఉంది. నలభై గొర్రెలు, వాటికి వేరే మేత లేదు. "సోలార్ వద్దనడం లేదమ్మా, క్వారీలో పెట్టుకోమను. అక్కడ రాళ్లు తప్ప ఏమున్నాయి? అవేమన్నా ఆకలంటాయా?" అన్నాడు అన్న. అక్క పదకొండు రోజులు కాళ్లరిగేలా నూట నలభై ఇళ్లు తిరిగింది. మిషను మీద దుమ్ము పేరుకుంది. నూట ఇరవై మూడు ఇళ్లవాళ్లు క్వారీ అన్నారు. పేర్లు మారవు గనక పెన్నుతోనే రాసింది. మనసు మారొచ్చు గనక టిక్కులు మాత్రం పెన్సిల్‌తో పెట్టింది. "ఆఖరి రోజు దాకా టైముంది, బాగా ఆలోచించుకోండి" అని ప్రతి గుమ్మంలోనూ చెప్పింది.

ఆఖరి రోజు పొద్దున్నే ఆమె పెన్ను తీసేలోపే ఆఫీసు కారు వచ్చి ఆగింది. "ఇలా ఇచ్చేయండక్కా, నేను దిద్దుకుంటాలే" అంది ఆ అమ్మాయి. సుద్ద గీసిన బట్టను ఏనాడూ ఇంకో దర్జీ చేతికివ్వని మనిషి, ఆ ఫారాల కట్టను ఇచ్చేసింది. తాడు కట్టి మరీ ఇచ్చింది, పిచ్చిది!

మూడు వారాలకు స్కూలు హాల్లో సభ పెట్టారు. తెర మీద పెద్ద అక్షరాలు పడ్డాయి: మేత బీడుకు అనుకూలం, నూట ఇరవై మూడు ఇళ్లు.

అక్క లేచి నిలబడింది. "అది తప్పండీ. వాళ్లంతా క్వారీ అన్నారు. ఫారాలు నింపింది నేనే."

"మీరే నింపారు కదమ్మా, మీరే చూసుకోండి" అని పెద్ద అధికారి నవ్వుతూ కట్ట అందించాడు. పక్కనున్న ఆ అమ్మాయి ఫోనులోంచి తలెత్తలేదు.

అక్క తన అన్న ఫారం వెతికి తీసింది. పేరు తన గుండ్రటి రాతే, వంకర సంతకం అన్నదే. బీడు గడిలో నీలం టిక్కు ఉంది. క్వారీ గడి తెల్లగా ఉంది. బొటనవేలితో తడిమితే తన పెన్సిల్ నొక్కిన గీత ఇంకా తగులుతోంది.

"రబ్బరుతో చెరిపేశారు! తడిమి చూడండి!"

"నాకేం కనబడటం లేదమ్మా" అన్నాడు అధికారి.

"అక్కే కదా రాసింది" అని వెనక ఎవరో అన్నారు. హాల్లో తలలన్నీ అధికారి వైపు తిరగలేదు, ఆమె వైపు తిరిగాయి. ఆమెకు తల తీసేసినట్లయింది.

గుమ్మం దగ్గర ఆ అమ్మాయి ఎదురైంది. "పైవాళ్లు చెప్పారక్కా, నేనేం చేయను? ఏమీ అనుకోకండి." ఒక్క క్షణం ఆగి, "నా కోటు అయిందా?" అని కూడా అడిగింది.

"చెయ్యి వేరుగా, కోటు వేరుగా ఉన్నాయి. వచ్చి పట్టుకుపో" అంది అక్క. నమ్మించి గొంతు కోసినదానితో ఇంకేం మాట్లాడుతుంది?

దారంతా అన్న ఆమెకన్నా నాలుగడుగులు ముందే నడిచాడు. ఇంటి మలుపులో ఆగి, "పెన్నుతో ఎందుకు దిద్దలేదమ్మా?" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. చాలా మెల్లగా అన్నాడు.

అభ్యంతరాలు రాసివ్వడానికి పదిహేను రోజులు గడువిచ్చారు. మర్నాడు అక్క తెల్లకాగితం, పెన్ను బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక అన్న రాయించుకున్న ప్రతి కాగితమూ ఆమే రాసింది మరి. పది గంటలకు అన్న వచ్చాడు. వచ్చి, ఎదురుగా ఉన్న మందుల షాపు మెట్లెక్కాడు. చేతులు తిప్పుతూ ఏదో చెప్పాడు. షాపాయన జేబులోంచి పెన్ను తీసి రాయడం మొదలుపెట్టాడు.