బావిలో శవం లేని నవల

ఆ రోజుల్లో నెలకు ఒక్క హత్య అయినా జరక్కపోతే మాకు తిన్నది అరిగేది కాదు. కంగారు పడకండి, హత్యలన్నీ పుస్తకాల్లోనే. చొక్కా జేబులో పట్టే డిటెక్టివ్ నవలలు, చవక కాగితం, అట్ట మీద పిస్తోలు, పిస్తోలు పక్కన బెదిరిపోయిన ఒక అమ్మాయి. (ఆ అమ్మాయికీ లోపలి కథకూ ఏ సంబంధమూ ఉండేది కాదు. మేమెవ్వరమూ ఫిర్యాదు చేయలేదు.) అలాంటివి రాసేవాళ్లందరికీ మకుటం లేని మహారాజు ఒకాయన ఉండేవాడు. పేరెందుకులెండి, మా పల్లెలో ఆయన్ని 'హత్యలాయన' అనేవాళ్లు. ఆయన నవలల్లో నల్లకోటు వేసుకున్న డిటెక్టివ్ ఒకడు. నవలంతా నోట్లో సిగరెట్టు పెట్టుకునే తిరుగుతాడు గానీ వెలిగించడు. చివర్లో అగ్గిపుల్ల గీశాడంటే హంతకుడు దొరికాడన్నమాట. ఆ అగ్గిపుల్ల కోసం ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చున్న తరం మాది.

అరవైలు అప్పుడే మొదలయ్యాయి. మైపాడుకు కాస్త ఎగువన, సముద్రం ఒడ్డున ఒక పల్లెలో మిషన్ బడికి మాస్టరుగా వెళ్లాను. మాది వెంకటాచలం వైపు, వరి పొలాల మధ్య పుట్టినవాణ్ణి. ఇసుకలో నడవడం రాదు, పడవ ఎక్కితే కడుపులో తిప్పుతుంది, చేపల పేర్లు తెలియవు. పిల్లలు కూడా నన్ను చూసి జాలిపడేవాళ్లు. అలాంటి నాకు ఆ ఊళ్లో ఒక సింహాసనం దొరికింది. బడి వదిలాక మగవాళ్లు తాటాకు పాకలో కూర్చుని చిరిగిన వలలు కుట్టుకునేవాళ్లు. చేతులకు పని ఉంది గానీ చెవులు ఖాళీ. ఒక సాయంత్రం ఏదో మాటల్లో హత్యలాయన నవల నాలుగు పేజీలు చదివి వినిపించాను. అంతే, మర్నాటి నుంచి పాకలో నాకొక పీట వేశారు. మూడు వందల మంది ఊపిరి బిగబట్టి వినేవాళ్లు. (సరే, ముప్పై మంది. అందులో ఇద్దరు ముసలివాళ్లు నిద్రపోవడానికే వచ్చేవాళ్లు.) కథ బాగా నడిచిన రోజున నా గదికి చందువ చేప వచ్చేది. (కవళ్లు, అంటే చవక రకం చేపలు. చందువలు నెల్లూరు మార్కెట్‌కి పోయేవి.)

ఆ పాకలో ఒక మూల పెద్దన్న, ఎదురు మూల చిన్నన్న కూర్చునేవాళ్లు. సొంత అన్నదమ్ములు. ఉమ్మడి పడవ పంచుకున్న నాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకరికొకరు వీపు పెట్టుకుని వలలు కుట్టేవాళ్లు. కానీ నల్లకోటు గోడ దూకిన చోట ఇద్దరి సూదులూ ఒకేసారి ఆగేవి. అది నేను చాలాసార్లు చూశాను.

ఇక్కడ ఇంకొకరి సంగతి చెప్పాలి. మా బడిలోనే పని చేసే టీచరమ్మ. విడవలూరు మనిషి. పుస్తకం అద్దెకు మేమిద్దరం చెరి సగం. సాయంత్రం నేను పాకలో ఒక అధ్యాయం చదివి పుస్తకం ఆమెకు ఇస్తే, దీపాల వేళ మిషన్ వాళ్ల గుడి వరండాలో ప్రార్థన అయ్యాక ఆడవాళ్లకు అదే అధ్యాయం ఆమె చదివేది. నేను చదివితే సముద్రం కూడా వెనక్కి తగ్గేదని నా నమ్మకం. ఆమె మాత్రం ఒక్క అక్షరం ఎక్కువ, ఒక్క అక్షరం తక్కువ లేకుండా, అచ్చులో ఎలా ఉంటే అలా చదివేది. 'అదేం చదువు, ఉప్పూ కారం లేకుండా' అని మనసులో అనుకునేవాణ్ణి. పైకి అనే ధైర్యం లేదు. ఆమె కళ్లు అలాంటివి.

అలా అంతా సుఖంగా ఉండగా హత్యలాయనకు ఏ గాలి సోకిందో ఏమో, కొత్త నవల రాశాడు. నెల్లూరులో అద్దె పుస్తకాల కొట్టాయన పుస్తకం నా చేతికిస్తూ అన్నాడు, "మాస్టారూ, ముందే చెప్తుండా, నన్ను తిట్టబాక. దీన్ని సగం మంది బల్ల మీద ఇసిరికొట్టి పోయినారు. సగం మంది కళ్లు తుడుచుకుంటా తెచ్చిచ్చినారు. ఇంట్లో కూడా అంతే, నేను ఇసిరికొట్టినాను, మా ఆవిడ తీసి దాచుకునింది." అట్ట చూస్తే పిస్తోలు లేదు. ఒక బావి ఉంది.

కథ ఏమిటంటే, పక్కపక్క ఇళ్లలో ఇద్దరు అక్కచెల్లెళ్లు. మధ్యలో ఉమ్మడి బావి. ఏళ్ల తరబడి ఇద్దరికీ మాటల్లేవు. అంతే. మొదటి రోజు చదవగానే పాకలో అందరూ ఉత్సాహంగా చేతులు రుద్దుకున్నారు. "బావి పెట్టినాడంటే ఊరికే పెట్టడబ్బా, దాంట్లో శవం ఉంటాది చూడు" అన్నాడు చిన్నన్న. రెండో అధ్యాయంలో అక్క నీళ్లు తోడింది. "ఇప్పుడు తేలతాది." నీళ్లే వచ్చాయి. మూడో అధ్యాయంలో చెల్లెలు తోడింది. ఆ రోజూ నీళ్లే. నాలుగో అధ్యాయంలో అక్క చింతపండు ఆరబోసింది. ఒక పేజీన్నర ఆరబోసింది.

"అయివోరా, నల్లకోటోడు ఎప్పుడొస్తాడు?" అన్నాడొకడు. "వస్తాడు, దారిలో ఉన్నాడు" అన్నాను. "చింతపండు ఎండేలోపు వస్తాడా?" అన్నాడు ఇంకొకడు. పెద్దన్న గోడ వైపు చూస్తూ, "రేపు గానా ఎవుడూ చావకపోతే మేం టీ కొట్టుకాడికి పోతాం. కొత్తగా రేడియో తెచ్చినాడు" అన్నాడు. ఆ పాక లేకపోతే ఆ ఊళ్లో నేనెవర్ని? ఇసుకలో తూలుతూ నడిచే ఒక బక్కపల్చని మాస్టర్ని. రేడియోకి నోరు నొప్పి పుట్టదు, చేపలూ అడగదు.

మర్నాడు ఐదో అధ్యాయంలో చెల్లెలి మొగుడు వచ్చాడు. పాపం, కట్టెల అడితి నడుపుకునే నెమ్మదస్తుడు. పుస్తకంలో అతను ఆ పూట పెళ్లానికి గాజులు తెస్తాడు. నేను పేజీ తిప్పి, గొంతు సవరించుకుని, అతణ్ణి బావిలో వేసేశాను. వీపులో బాకు కూడా దింపాను. పాకలో సూదులన్నీ ఆగిపోయాయి. "నేను చెప్పలా!" అని చిన్నన్న తొడ చరిచాడు. ఆ ఊపులో నల్లకోటును మద్రాసు మెయిల్లో ఎక్కించాను. ఆ రాత్రి నా గదికి నిజంగానే చందువ వచ్చింది. (ఇది అబద్ధం కాదు. చిన్నదే, కానీ చందువే.)

ఒక్క సంగతి మరిచాను. పాకలో విన్నవాళ్లూ, వరండాలో విన్నవాళ్లూ ఇంటికెళ్లి ఒకే కుండలో అన్నం తింటారని. అంతకుముందు మేమిద్దరం చదివింది ఒకటే కథ కాబట్టి ఆ చిక్కు ఎన్నడూ రాలేదు. ఆ పూట అది ఊరంతటికీ వచ్చిపడింది. చిన్నన్న ఇంట్లో మొగుడూ పెళ్లాలకు జరిగిన గొడవ వీధి చివర ఉన్న నా గది దాకా వినిపించింది.

"పాపం, అడితి ఆయన గాజులు తెచ్చినాడంట, ఎంత మంచోడో! నువ్వూ ఉండావు."

"చచ్చినోడు గాజులెట్టా తెస్తాడే?"

"ఎవురు చచ్చింది? నీ నోట్లో మన్నుబడ! ఇప్పుటిదాకా బతికే ఉండాడు గదా!"

"బాకు దిగి బావిలో పడుండాడు. అయివోరు సదివినాడు."

"టీచరమ్మ సదివినాది. ఎర్ర గాజులు. ఆయమ్మ అబద్ధం సదవదు!"

(అంటే అయివారు అబద్ధం చదువుతాడన్నమాట. ఆ వాక్యం ఇప్పటికీ నా చెవిలో ఉంది.)

మగవాళ్లు అంత తేలిగ్గా లొంగలేదు. నల్లకోటు శిష్యరికం అలాంటిది. పొద్దుటికల్లా, గాజులు తెచ్చినవాడు అసలు మొగుడు కాదనీ, మారువేషంలో ఉన్న హంతకుడనీ తేల్చేశారు. నాకూ అది బాగుందనిపించి, ఆరో అధ్యాయంలో వాడుకుందామని దాచుకున్నాను. ఆ అవకాశం రాలేదు. సాయంత్రం నేను పీట మీద కూర్చోగానే, ఊళ్లో ఆడవాళ్లంతా వెనక రాగా టీచరమ్మ పాకలోకి వచ్చింది. చేతిలో పుస్తకం.

"మాస్టారూ, ఆయన ఏ పేజీలో చనిపోయారో కొంచెం చూపిస్తారా? నేను పొరపాటున వదిలేసినట్టున్నాను" అంది. చాలా మర్యాదగా.

"అది... కొన్ని ప్రతుల్లో అచ్చు వేరేగా..."

"మనిద్దరికీ ఉన్నది ఒకటే ప్రతి."

పాకలో ముప్పై జతల కళ్లు. వల రంధ్రంలోంచి జారిపోయే వీలుంటే జారిపోయేవాణ్ణి. "పీట ఇటివ్వండి" అంది. ఇచ్చాను. ఆమె కూర్చుని మిగిలిన కథంతా తన పద్ధతిలో చదివింది, ఉప్పూ కారం లేకుండా. ఆఖర్న అక్క చేద తాడు తెగి బావిలో పడిపోతుంది. అక్క గట్టు మీద అలాగే నిలబడిపోతుంది. చెల్లెలు ఇంట్లోకి పోయి తన చేద తెచ్చి గట్టు మీద పెడుతుంది. "తోడుకో అక్కా" అంటుంది. కథ అయిపోయింది.

ఆడవాళ్లు కొంగులతో ముఖాలు తుడుచుకున్నారు. మగవాళ్లు వలల్లో తలలు దూర్చారు. సముద్రం మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. చిన్నన్న గొంతు విప్పాడు. "ఏమోబ్బా, బానే ఉండాది గానీ... ఇంత బావి పెట్టి, ఒక్క శవం కూడా పెట్టకపోతే ఎట్టా?" అని, చుట్టూ చూసి, అటు తిరిగి ఎదురు మూల వైపు అరిచాడు: "ఏందన్నా, నువ్వైనా చెప్పు. శవం ఉండాల్నా, వద్దా?"

పాక మొత్తం బిగుసుకుపోయింది. పెద్దన్న వీపు కదల్లేదు. సూది మాత్రం ఆగింది.

"ఉండాల్సిందే" అన్నాడు.

అని, చెవి మీది బీడీ తీసి నోట్లో పెట్టుకుని, మెల్లిగా ఇటు తిరిగాడు. చిన్నన్న లేచి వెళ్లి అగ్గిపుల్ల గీశాడు.

ఆ నవలకు ఆ ఊళ్లో దొరికినంత మర్యాద ఇంకెక్కడా దొరికి ఉండదని ఇప్పటికీ అనుకుంటాను. దాన్ని తిట్టుకోవడానికి ఆ అన్నదమ్ములిద్దరూ వారం పాటు పక్కపక్కనే కూర్చున్నారు. టీ కొట్టు రేడియో దాని పాటికి అది పాడుకుంది. పీట మాత్రం నాకు తిరిగి రాలేదు, టీచరమ్మకే స్థిరమైపోయింది. నేను కింద, వలల పక్కన కూర్చుని వినేవాణ్ణి. వినగా వినగా ఆ ఉప్పూ కారం లేని చదువు నాకు అలవాటైపోయింది. ఎంతగా అంటే, మరుసటి వేసవిలో అదే గుడిలో మా ఇద్దరికీ పెళ్లయింది. (ఆమె నన్ను చూసి మనసు పడిందని ఇన్నాళ్లూ అందరికీ చెప్పుకున్నాను. మూడుసార్లు అడిగాక ఒప్పుకుంది.)

ఇప్పుడు ఆమె కళ్లకు అక్షరాలు ఆనడం లేదు. సాయంత్రాలు నేను చదువుతాను, ఆమె వింటుంది. వయసు మళ్లిన కొద్దీ నాకు చావులంటే సరదా పోయింది. నెమ్మదైన నవలలే తెస్తున్నాను. ఒక్క అక్షరం ఎక్కువ తక్కువ లేకుండా, ఆమె పద్ధతిలోనే చదువుతున్నాను. మొన్న అలాగే చదువుతుంటే, నవల్లో ఎవరో ఆవకాయకు మామిడికాయలు తరుగుతున్నారు, తరుగుతూనే ఉన్నారు. ఆమె కుర్చీలో అటూ ఇటూ కదిలింది.

"మాస్టారూ" అంది, అప్పటి గొంతుతోనే. "ఆ పెరట్లో బావి ఏమైనా ఉందేమో చూడండి."

కళ్లజోడు సర్దుకుని, పేజీ తిప్పి, గొంతు సవరించుకున్నాను.