అమావాస్య పోటు

విజయవాడ ఆటోనగర్‌లో నాది ఖలాసీ మేస్త్రీ పని. క్రేను దూరని సందులో రైసుమిల్లు మిషను దించాలన్నా, కాలవలో బోల్తాపడ్డ లారీని గట్టెక్కించాలన్నా మాకు కబురొచ్చేది. చైన్ పుల్లీలు, జాకీలు, వైరు చుట్టి లాగే చేతి విన్చి, వైరు రోపులు, చెక్క దిమ్మలు, పదిమంది మనుషులు ఉంటే చాలు, ఏ బరువునైనా కదుపుతామని నా ధీమా. మా తాతదీ మా నాన్నదీ ఇదే పని కాబట్టి ఆ ధీమా నాకు ఉగ్గుపాలతోనే వచ్చింది. దాన్ని పొగరు అనేవాళ్ళు కూడా ఉన్నారు, మా ఆవిడతో సహా.

తొంభైల చివర్లో ఒక చలికాలం, బందరు నుంచి ఒకాయన ఫోన్ చేశారు. చేపల బోటు ఓనరు. ఆయన బోటు సముద్రం నుంచి హార్బరులోకి వస్తూ, కాలవ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుకమేట ఎక్కి కూర్చుందట. పది రోజులైందట. తోటి బోట్లవాళ్ళు రెండుసార్లు లాగినా కదల్లేదట. లారీలు లాగేవాళ్ళు బోటు లాగలేరా అని అడిగారు. లాగలేనని చెప్పడం నాకు చేతకాదు. సముద్రం పని ఎప్పుడూ చేయలేదన్న సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే సామానంతా లారీలో వేసుకుని ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు చేరాం. హార్బరు నుంచి నాటుపడవలో మేట దగ్గరికి తీసుకెళ్ళిన మనిషి దారిలోనే కథంతా చెప్పాడు. వానాకాలం వరదకి మొగలో ఇసుక జాగా మారిపోయింది. బోటు నడిపే సరంగు పాత దారే అనుకుని తెచ్చి ఎక్కించాడు. ముప్పై ఏళ్ళుగా బోట్లు నడుపుతున్న మనిషి. అప్పట్నుంచి ఇంటికి వెళ్ళలేదు, ఆ వాలిపోయిన బోటులోనే వండుకు తింటున్నాడు. బోటు తేలితే సరే, అక్కడే పగిలిపోతే ఈ తీరంలో ఆయన చేతికి మళ్ళీ ఎవరూ చుక్కాని ఇవ్వరు.

నేను వెళ్ళేసరికి ఆ సరంగు బోటు పక్కన మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, అడుగుపలకల కింద చేయిపెట్టి చూస్తున్నాడు. యాభై అయిదేళ్ళుంటాయి. నన్ను చూసి నమస్కారం పెట్టాడు. ఎల్లుండి అమావాస్య, ఆ రోజు పోటు పెద్దదొస్తుంది, అప్పుడు లాగితే వస్తుంది అన్నాడు. అది తప్పితే మళ్ళీ అంత నీరు రావాలంటే పదిహేను రోజులు ఆగాలి. ఆలోగా ఇసుక బోటుని సగం మింగేస్తుంది, అలలు పలకలు ఊడదీస్తాయి.

ఇక్కడే మాకు పేచీ వచ్చింది. మా మనుషులు అమావాస్య నాడు పని మొదలుపెట్టరు. ఎంత పెద్ద ఆసామి పిలిచినా మొదలుపెట్టరు. ముస్లిముల ఇంట పుట్టిన నాకు అమావాస్యతో పేచీ ఏమిటని మీరు అడగొచ్చు. నేను బిస్మిల్లా అని తాడు పట్టుకుంటే మా పెద్ద ఖలాసీ కొబ్బరికాయ కొట్టేవాడు. అన్నేళ్ళు అలా కలిసి పనిచేశాక ఆయన పట్టింపులు నాకూ, నా పట్టింపులు ఆయనకూ అంటుకున్నాయి. అందుకని అమావాస్య లోపే తేల్చేద్దామని నిర్ణయించాను. రేపు పొద్దున పోటుకే లాగేస్తాం అన్నాను.

లాగడానికి ముందు బరువు దించాలి. ఇది మా పనిలో మొదటి పాఠం. లారీ పడితే ముందు సరుకు దించుతాం, తర్వాతే లాగుతాం. అదే పద్ధతిలో ఐసూ వలలూ డీజిలు పీపాలూ దించేయమని మావాళ్ళకు చెప్పాను. సరంగు అడ్డం వచ్చాడు.

"ఇప్పుడే ఖాళీ చేయకండి బాబుగారూ. బరువుంటేనే అది కదలకుండా ఉంటది. అన్నీ సిద్ధం చేసుకుని, ఖాళీ చేసేది ఆఖర్న చేయాలండీ."

బరువు దించొద్దనే మనిషిని నేను చూడటం అదే మొదలు. పైగా మావాళ్ళందరూ వింటున్నారు. నోరు ఊరుకోలేదు.

"దీన్ని ఇసుకెక్కించింది నువ్వా, నేనా?" అన్నాను.

ఆయన తనకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడిచేత నువ్వు అనిపించుకుని, వెళ్ళి వలలు మోయడానికి తనూ ఒక చెయ్యి వేశాడు.

మర్నాడు పొద్దున సముద్రం వైపు లంగరు వేసి, దానికీ బోటు వెనకభాగంలో బిగించిన విన్చికీ వైరు కట్టే పనిలో ఉన్నాం. లారీకైతే గంటలో అయిపోయే పని. అలల్లో ఆ లంగరుని నాటుపడవ మీద మోసుకెళ్ళి దించేసరికి ఎనిమిది దాటింది. వైరు ఇంకా వదులుగానే ఉంది. పోటు వచ్చేసింది. తేలికైన బోటు అలకి లేచింది. మావాళ్ళు లేచింది లేచింది అని సంబరపడేలోపే తర్వాతి అల దాన్ని మేట మీదికి ఇంకో పాతిక అడుగులు నెట్టి పక్కవాటుగా పడేసింది. నీరు తగ్గాక చూస్తే నిన్నటికన్నా ఎత్తులో, నిన్నటికన్నా వాలిపోయి ఉంది. నిన్నటి బరువే ఉంటే ఉన్నచోటే ఉండేది. ఆ సంగతి అర్థం కావడానికి నాకు ఒక్క నిమిషం పట్టింది.

ఓనరు పరుగున వచ్చారు. వస్తూనే సరంగు మీద పడ్డారు. ఆ చేతి మహిమ అలాంటిదనీ, ఆ మనిషి బోటు మీద ఉండగా ఎవరొచ్చినా ఇంతేననీ, ఇక దాని ఛాయలకి రావద్దనీ అన్నారు. సరంగు ఒకసారి నా వైపు చూశాడు. ఖాళీ చేయమన్నది నేనేనండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను వంగి, బాగానే ఉన్న వైరు ముడిని మళ్ళీ బిగించడం మొదలుపెట్టాను. ఎన్నో టన్నులు లేపినవాణ్ణి, ఆ పూట తల లేపలేకపోయాను.

మధ్యాహ్నం దాకా అన్నం సయించలేదు. సరంగు గట్టున తాళ్ళ కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. రెండు టీలు తీసుకుని వెళ్ళి పక్కన కూర్చున్నాను. తప్పు నాదేనని ఆయనతో చెప్పడం కష్టం కాలేదు. ఓనరుతో చెప్పడమే కష్టం. ఇప్పుడేం చేయాలో చెప్పండి అన్నాను. మీరు అన్నాను. ఆయన దెప్పిపొడుస్తాడనుకున్నాను. టీ తాగి, గ్లాసు పక్కనపెట్టి, ఇసుక మీద వేలితో బోటు గీశాడు.

ముందు చేపల గదిలోకి నీళ్ళు తోడి నింపాలి. ఆ బరువుకి ఎంత అల వచ్చినా బోటు జరగదు. నీరు తగ్గినప్పుడు అడుగు చుట్టూ ఇసుక తవ్వాలి. లంగరుని ఇంకా లోతుకి తీసుకెళ్ళి, వైరుని పోటు రాకముందే వీణ తీగలా బిగించాలి. వచ్చినదారినే, వెనకభాగం ముందుగా లాగాలి. పోటు నిండుగా వచ్చాక, అప్పుడు లోపలి నీళ్ళు ఒక్కసారిగా తోడేయాలి. నాకు లారీ ట్యూబులు గుర్తొచ్చాయి. గాలిలేని ట్యూబుల్ని బోటు పొట్టకింద కట్టి, ఆఖర్న కంప్రెసరుతో గాలి కొడితే ఎలా ఉంటుందని అడిగాను. ఆయన మొహంలో మొదటిసారి వెలుగు చూశాను. బాగుంటది అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి ఒక మాట చెప్పాడు.

"మీ మాటగానే చెప్పండి. బోటులో నీళ్ళు నింపమని నేనంటే ఆయన ఒప్పుకోరు."

అలాగే చెప్పాను. ఓనరు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, విజయవాడ మేస్త్రీ కదా అని తలూపారు. హనుమాన్ జంక్షన్‌లో టైర్ల షాపుల నుంచి పాత ట్యూబులు వచ్చాయి. పామర్రు నుంచి వరి చేలకు నీళ్ళు తోడే డీజిల్ ఇంజన్లు రెండు తెచ్చి, ఒకదానితో ఆ సాయంత్రమే చేపల గది నింపేశాం. ఇక మిగిలింది అమావాస్య. పెద్ద ఖలాసీ దగ్గరికి వెళ్ళి ఏం చేద్దామంటే ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. మనం పని మొదలుపెట్టింది నిన్ననే కదా, రేపు చేసేది మొదలుపెట్టడం ఎలా అవుతుంది, మిగిలిన పని పూర్తిచేయడమే అవుతుంది అని తీర్పిచ్చాడు. ఈ తీర్పేదో మొదటిరోజే ఇచ్చి ఉంటే మేం అమావాస్య దాకా ఆగేవాళ్ళం. ఆ మాట ఆయనతో అనలేదు. నిజానికి నేను అడిగితే కదా ఆయన చెప్పడానికి.

అమావాస్య పొద్దున నీరు బాగా తగ్గి ఉండగానే ట్యూబులు కట్టడం అయిపోయింది. సరంగుని నా మనిషిగా బోటు మీదికి తీసుకెళ్ళాను, ఓనరు ముఖం తిప్పుకున్నారు గానీ వద్దనలేదు. రెండో ఇంజను పైపుని ఇసుకలోకి గుచ్చి జోరుగా నీళ్ళు కొడుతుంటే అడుగున పట్టుకున్న ఇసుక జావలాగా జారిపోతోంది. పోటు మొదలైంది. అలలు వచ్చి కొడుతున్నాయి, నీళ్ళు నిండిన బోటు బండలాగా పడి ఉంది. మావాళ్ళు నా వైపు చూస్తున్నారు, నేను సరంగు వైపు చూస్తున్నాను. ఇంజన్లతో నీళ్ళు తోడమందామని రెండుసార్లు చెయ్యెత్తాను. రెండుసార్లూ ఆయన తల అడ్డంగా ఊపాడు. అంత ఓపిక పట్టడం నా జన్మలో అదే మొదలు.

నీరు ఇక పెరగడం ఆగిందనుకున్నప్పుడు ఆయన చెయ్యి ఊపాడు. ఇంజన్లు తోడటం మొదలుపెట్టాయి, కంప్రెసరు గాలి కొట్టింది, ట్యూబులు ఉబ్బాయి, విన్చి దగ్గర నలుగురు. కాసేపటికి పలకలు కిర్రుమన్నాయి. వాలిన బోటు నిదానంగా నిటారుగా లేచింది. విన్చి మీద వైరు ఒక చుట్టు ఎక్కింది, ఇంకో చుట్టు ఎక్కింది, ఆ తర్వాత పట్టుకుని ఆపాల్సినంత సులువుగా వచ్చేసింది. బోటు మొగ బయట లోతు నీళ్ళలో ఊగుతుంటే నాకు ఏడుపొచ్చింది. సంతోషానికే.

ఓనరు నాటుపడవలో వచ్చి బోటెక్కి నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన వెంట ఇంకో సరంగు కూడా ఎక్కాడు. మొగ దాటించి హార్బరుకి తీసుకెళ్ళడానికట. ఓనరు మా సరంగుతో, నువ్వు దిగిపో అన్నారు. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. ఆ తువ్వాలు చూశాక ఇక నావల్ల కాలేదు.

"ఆగండి," అన్నాను. "నిన్న బోటు ఇంకా పైకెక్కింది నా వల్ల. ఖాళీ చేయొద్దని ఈయన చెప్పారు, నేను వినలేదు. ఇవాళ తేలింది ఈయన వల్ల. నీళ్ళు నింపమన్నది ఈయనే."

ఓనరు అడిగారు:

"మరి నిన్న చెప్పలేదేమండీ?"

"సిగ్గేసిందండీ."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. ఆ చూపులో నాకు రావలసిందంతా ఉంది. ఆ తర్వాత కొత్త సరంగుని పక్కన కూర్చోమని, పాతాయనతో నిదానంగా పోనియ్యి అని మాత్రం అన్నారు. ఆయన చుక్కాని దగ్గరికి వెళ్ళాడు. రెండు చేతులూ దాని మీద వేసి కాసేపు అలాగే నిలబడ్డాడు. ఇంజను స్టార్టయింది.

అప్పుడు నన్ను పిలిచి, మూర మూరకీ గీతలు పెట్టిన వెదురుగడ ఒకటి చేతికిచ్చాడు. ముందుకి వెళ్ళి నీళ్ళలో గుచ్చి లోతు చెప్పండి అన్నాడు. అక్కడ ఆ పని తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. ఓనరు నోరు తెరవబోయి మూసుకున్నారు. నేను ముందుకి వెళ్ళి గుచ్చాను. అయిదు అన్నాను. అయిదు. నాలుగున్నర. నాలుగు అన్నాను. బోటు ఎడమకి తిరిగింది. నేను ఒక్క గీత తప్పు చదివినా ఆయన బతుకు మళ్ళీ ఇసుక పాలవుతుంది. హార్బరు చేరేదాకా నేను చెప్పిన ప్రతి లెక్కకీ ఆయన చుక్కాని తిప్పుతూనే ఉన్నాడు, ఒక్కసారి కూడా ఇంకో మనిషిని చూడమనలేదు.